మోకాలెత్తు నల్లగుడ్డ, నూరు గజాల గుంట

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో కొడుకు ఇల్లు కట్టిస్తుంటే చూసి వచ్చిన ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "సైటు చుట్టూ మోకాలెత్తున నల్లగుడ్డ కట్టారు. వానకు మట్టి కొట్టుకుపోకుండా అన్నారు. గుడ్డను వెలుగుకు పట్టి చూస్తే అన్నీ కన్నాలే. మట్టి నీళ్ళను అది ఎలా వడకడుతుంది?"

ఆయన అనుమానం నూటికి నూరుపాళ్ళూ సరైనది. ఆ గుడ్డను సిల్ట్ ఫెన్స్ అంటారు. అమెరికా ప్రమాణాల ప్రకారం దాని కన్నం 0.6 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. సన్నపాటి ఒండ్రు రేణువు 0.02 మిల్లీమీటర్లు ఉంటుంది. కన్నం దానికి ముప్పై రెట్లు పెద్దది కాబట్టి, ఇంటి గుమ్మంలోంచి కోడిపిల్ల నడిచిపోయినంత సులువుగా ఒండ్రు ఆ గుడ్డలోంచి వెళ్ళిపోగలదు. ఇక బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్లకు మించదు. మరి ఆ గుడ్డ చేసే పనేమిటంటే, నీటిని కాసేపు నిలబెడుతుంది. నిలబడిన నీటిలో మట్టి అడుగుకు దిగుతుంది. మన పల్లెల్లో దీన్నే నీళ్ళు తేరుకోవడం అంటారు. నిర్మాణ స్థలాల్లో మట్టి కోత గురించి తెలుసుకోవలసినదాంట్లో ముప్పాతిక భాగం ఈ తేరుకోవడంలోనే ఉంది.

తేరుకోవడం దాకా రావాలంటే మట్టి ముందు కదలాలి. ఆ పని చినుకు చేస్తుంది. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో నేలను తాకుతుంది, 5 మిల్లీమీటర్లదైతే 9 మీటర్ల వేగంతో. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఎకరం మీద పడేది 200 టన్నుల నీరు. గడ్డి, ఆకులు ఉన్నచోట ఆ దెబ్బ వాటికి తగులుతుంది. జేసీబీ పై పొర గీకేసిన చోట మట్టికే తగిలి, 60 సెంటీమీటర్ల ఎత్తుకు, మీటరున్నర దూరానికి చిమ్ముతుంది. వాన వెలిశాక ప్రహరీ గోడ అడుగున కనిపించే ఎర్రటి మరకలు ఈ చిమ్మినవే. మొరం నేల మీద వంగి చూస్తే ఇంకో ముచ్చట కనబడుతుంది. ఒక్కో గులకరాయి కింద చిన్న మట్టి స్తంభం నిలబడి ఉంటుంది. రాయి గొడుగు పట్టినంత మేర మట్టి మిగిలింది, చుట్టుపక్కలది పోయింది. ఆ స్తంభం ఎంత ఎత్తుందో అంత మందాన మట్టి ఆ చుట్టూ కోసుకుపోయిందన్నమాట. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. ఎకరానికి లెక్క కడితే 4 ఘనమీటర్లు, ఇంచుమించు ఆరు టన్నులు, ట్రాక్టరు ట్రక్కున్నర.

చిమ్మిన సన్న మట్టి తిరిగి పడి నేల రంధ్రాలను పూడ్చేస్తుంది. పైన పల్చటి పెచ్చు కడుతుంది. నీరు ఇంకడం తగ్గి పారడం పెరుగుతుంది. నిర్మాణ స్థలం నుంచి కొట్టుకుపోయే మట్టి సాగు భూమి కంటే 10 నుంచి 20 రెట్లు, అడవి నేల కంటే 1,000 నుంచి 2,000 రెట్లు ఎక్కువని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. అందుకే అక్కడ ఎకరం గానీ ఆపైన గానీ నేల కదిలిస్తే, సైటు వాననీటిని బయటికి వదలడానికి అనుమతి తప్పనిసరి.

ఇప్పుడు అసలు సంగతి. నిలిచిన నీటిలో రేణువు ఎంత వేగంగా దిగుతుంది? దీన్ని 1851లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ తేల్చాడు. రేణువును కిందికి లాగేది దాని బరువు, అది వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. ఆపేది నీటి జిగట, అది వ్యాసాన్నీ వేగాన్నీ బట్టి ఉంటుంది. రేణువు పదో వంతుకు చిన్నదైతే బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది, జిగట పట్టు మాత్రం పదో వంతుకే తగ్గుతుంది. కనుక దిగే వేగం నూరో వంతు అవుతుంది. మన వాతావరణంలో, 25 డిగ్రీల నీటిలో, మీటరు లోతు దిగడానికి 0.1 మిల్లీమీటర్ల సన్న ఇసుకకు రెండు నిమిషాలు పడుతుంది. 0.02 మిల్లీమీటర్ల ఒండ్రుకు 40 నిమిషాలు. 0.002 మిల్లీమీటర్ల బంకమట్టికి దాదాపు మూడు రోజులు!

సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఇదే సూత్రంతో ప్రయోగశాలలో, మట్టి రేణువుల పరిమాణాలు తేల్చే హైడ్రోమీటర్ పరీక్ష చేస్తారు, రికార్డులో గ్రాఫు గీస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. కాలేజీ గేటు ముందు వారం రోజులుగా ఎర్రగా నిలిచిన గుంటలో జరుగుతున్నదీ అదేనని వాళ్ళకు చూపించేవారు తక్కువ. ఒక సీసాడు గుంట నీళ్ళు బల్ల మీద పెట్టి గంటకోసారి చూడమంటే చాలు, ఆ సూత్రం జన్మలో మరిచిపోరు.

1904లో అలెన్ హేజెన్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని ఒక మెట్టు ముందుకు తీసుకెళ్ళాడు. నీరు పారుతూ ఉండే గుంటలో రేణువు దిగుతుందా లేదా అన్నది గుంట లోతు మీద ఆధారపడదు, పైవైశాల్యం మీద ఆధారపడుతుంది. గుంటను రెండింతలు లోతు చేస్తే నీరు రెండింతలు సేపు ఉంటుంది, నిజమే. కానీ రేణువు దిగాల్సిన దూరమూ రెండింతలైంది. ఒకదానికొకటి చెల్లు. సెకనుకు వచ్చే నీటిని రేణువు దిగే వేగంతో భాగిస్తే కావలసిన వైశాల్యం వస్తుంది.

ఎకరం సైటుకు లెక్క వేద్దాం. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన, అందులో నూటికి 60 పాళ్ళు పారుతుందనుకుంటే, సెకనుకు 34 లీటర్లు వస్తాయి. ఒండ్రు దిగే వేగం సెకనుకు 0.4 మిల్లీమీటర్లు. భాగిస్తే 84 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో నూరు గజాలు. 4,840 గజాల ఎకరంలో నూరు గజాల గుంట పెద్ద భారం కాదు. ఇదే లెక్క బంకమట్టికి వేయండి. వేగం నూరో వంతు కాబట్టి గుంట పదివేల గజాలు కావాలి. ఎకరం సైటుకు రెండెకరాల పైన చెరువు తవ్వాలన్నమాట! బంకమట్టి ఒకసారి నీటిలో కలిశాక గుంటతో దాన్ని పట్టుకోవడం కుదరదు.

లోతు అక్కర్లేదని జానెడు గుంట తవ్వకూడదు. దిగిన బురద నిల్వ ఉండటానికీ, వచ్చే ప్రవాహం దాన్ని మళ్ళీ రేపకుండా ఉండటానికీ ఒక మీటరు లోతైనా కావాలి. నిల్వ సామర్థ్యానికి అమెరికాలో వాడే కొలత ఎకరానికి 3,600 ఘనపుటడుగులు, అంటే 102 ఘనమీటర్లు. నీరు వచ్చే చోటూ పోయే చోటూ ఎదురెదురు చివరల్లో ఉండాలి, పొడవు వెడల్పుకు కనీసం రెండింతలుండాలి. పక్కపక్కనే పెడితే నీరు అడ్డదారిన పోతుంది, మిగతా గుంటంతా ఉట్టిదే. మధ్యలో కొబ్బరిపీచు వలను అడ్డంగా మూడు వరుసలు కడితే ప్రవాహం వెడల్పంతా పరుచుకుంటుంది. కోనసీమ ఉన్న రాష్ట్రంలో పీచుకు కరువు లేదు. బయటికి పోయే నీటిని పైనుంచే తీయాలి, తూము అడుగున పెడితే బురదే పోతుంది.

ఇక మన నల్లగుడ్డ. అది కూడా ఒక గుంటే, గోడ గుడ్డది. 30 మీటర్ల గుడ్డ వెనక నీరు 45 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిందనుకోండి. నూటికి 2 వాలు ఉన్న నేల మీద ఆ నీరు 22 మీటర్ల వెనక దాకా పరుచుకుంటుంది, 150 ఘనమీటర్లు పడుతుంది. వాలు నూటికి 10 అయితే నాలుగున్నర మీటర్లే, 30 ఘనమీటర్లే. పావు ఎకరం మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే పారే నీరు సరిగ్గా ఆ ముప్పై. 30 మీటర్ల గుడ్డకు పావు ఎకరం కంటే ఎక్కువ నేల నీరు మళ్ళించకూడదన్న నియమం ఎందుకు ఉందో ఈ అంకె చెప్పేస్తుంది. గుట్ట పాదానికి ఆనించి కట్టకుండా రెండు మూడు మీటర్లు వదిలి కట్టమనేదీ ఆ నీటికి చోటు ఇవ్వడానికే.

కట్టే పద్ధతి తెలిసినవాళ్ళకు తేలిక, తెలియనివాళ్ళు కడితే ప్రతిదీ తప్పే. ముందు 15 సెంటీమీటర్ల లోతు కాలువ తవ్వి, గుడ్డ అంచు అందులో దింపి, మట్టి పోసి, దిమ్మిసతో గట్టిపరచాలి. ఈ పని ఎగ్గొడితే నీరు గుడ్డ కిందనుంచి దూసుకుపోతుంది. ఎక్కువ సైట్లలో విఫలమయ్యేది ఇక్కడే. గుంజలు పల్లం వైపు ఉండాలి, ఎగువ వైపు పాతితే నీటి బరువుకు గుడ్డ గుంజల నుంచి ఊడిపోతుంది. రెండు మీటర్లకు ఒక గుంజ. గుడ్డ సమతల రేఖ వెంట, అంటే నేల ఒకే ఎత్తున ఉన్న చోట్ల గుండా సాగాలి. వాలు వెంట పైనుంచి కిందికి కడితే అది నీటికి కాలువ గట్టు అవుతుంది. రెండు కొసలనూ ఎగువకు వంచాలి, లేకపోతే నీరు చివర తిరిగి పోతుంది. వాగుకో నాలాకో అడ్డంగా ఎన్నడూ కట్టకూడదు. బురద సగం ఎత్తుకు రాగానే తీసేయాలి. మన ఊళ్ళలో సైటు చుట్టూ కట్టే పచ్చ వల దీనికి బదులు కాదు. అది దుమ్మును కొంత ఆపుతుంది, నీటిని క్షణం కూడా నిలపలేదు.

బంకమట్టి దగ్గరికి తిరిగి వద్దాం, ఎందుకంటే మన కష్టమంతా దానితోనే. హైదరాబాదు మొరంలో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి గుంట బాగానే పనిచేస్తుంది. అమరావతి, గుంటూరు రేగడిలో చేయదు. ఫ్రిస్కో కింద ఉన్నదీ రేగడి జాతి నల్లమట్టే! ఈ రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఎన్నటికీ గుంపు కట్టవు. గుంపు కట్టించగలిగితే పరిమాణం పెరుగుతుంది, పరిమాణం పదింతలైతే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన ఇళ్ళలో ఏటి నీళ్ళ బిందె లోపల చిల్లగింజను అరగదీసి రుద్దేవారు. ఇండుపగింజ అన్నా అదే. కొందరు దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేశారు. అది అచ్చమైన రసాయన శాస్త్రం. గింజలోని గొలుసుల్లాంటి పెద్ద అణువులు రేణువులను కలిపి కట్టేస్తాయి. పటిక మరో దారిన, ఆవేశాన్ని చల్లార్చి అదే పని చేస్తుంది. రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్‌ను అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో నిర్మాణ స్థలాల నీటికి వాడుతున్నారు. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రకు ఇది ఆలోచించదగ్గ విషయం.

పటికను గుప్పిళ్ళతో చల్లితే మాత్రం చేటు. ముందు సీసాల పరీక్ష చేయాలి. 10 గ్రాముల పటికను లీటరు మంచినీటిలో కరిగిస్తే ప్రతి మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. గుంట నీటిని ఆరు లీటరు సీసాల్లో పట్టి, ఒకదాన్ని అలాగే వదిలి, మిగతావాటిలో 2, 4, 6, 8, 10 మిల్లీలీటర్లు పోయాలి. ఒక నిమిషం జోరుగా, పావుగంట మెల్లగా కలిపి అరగంట కదపకుండా ఉంచాలి. తేటపడిన వాటిలో అన్నిటికంటే తక్కువ మోతాదుది ఎంచుకోవాలి. అది లీటరుకు 60 మిల్లీగ్రాములైతే ఎకరం నుంచి వచ్చే 120 ఘనమీటర్లకు 7 కిలోల పటిక సరిపోతుంది. మోతాదు మించితే రేణువుల ఆవేశం ధనంగా మారి నీరు మళ్ళీ మురికిబారుతుంది, ఆమ్లత పెరిగి చెరువులో చేపలు చస్తాయి. పటిక కలిపిన నీటిని గుంటలో తేర్చాకే నాలాలోకి వదలాలి.

ఇన్ని అవస్థల కంటే నేలను కప్పడం ఎంతో చవక. ఎకరానికి రెండు టన్నుల వరిగడ్డి పరిస్తే, వాలు తక్కువున్న చోట మట్టి కోత పదో వంతుకో ఇంకా కిందికో పడిపోతుంది. గాలికి ఎగరకుండా పైన పీచు వల కట్టాలి. రెండు వారాలు పని జరగని చోటల్లా కప్పేయాలి. అసలు ఈ నెలలో పని లేని ముక్కను ఈ నెలలో గీకనే కూడదు. ఎగువ నుంచి వచ్చే నీటిని సైటులోకి రాకముందే కాలువతో పక్కకు మళ్ళించాలి. గేటు దగ్గర 50 నుంచి 75 మిల్లీమీటర్ల రాయి 15 సెంటీమీటర్ల మందాన, 15 మీటర్ల పొడవున పరిస్తే టిప్పర్ చక్రాల మట్టి అక్కడే రాలుతుంది. రాయి కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయకపోతే రేగడి మొదటి వానకే ఆ రాళ్ళను మింగేస్తుంది. సెల్లార్ గుంతలో పంపు నీరు పీల్చే గొట్టం చివరి ఫుట్‌వాల్వును అడుగున పడేయకుండా, కన్నాలు పెట్టిన డ్రమ్ములో దింపి చుట్టూ కంకర పోయాలి. ఆ నీటిని రోడ్డు మీదికి కాక తేర్చే గుంటలోకి తోలాలి.

గుంట ఎక్కడ తవ్వాలన్న దగ్గర వాస్తు అడ్డొస్తుంది. సైటు పల్లం నైరుతిలో ఉంటే అక్కడ గొయ్యి కూడదంటారు, ఈశాన్యంలోనే తవ్వమంటారు. నీరు పల్లమెరుగు. మెరకన తవ్విన గుంట వానంతా ఎండి ఉంటుంది, నైరుతి మూలన గోడ కింద మట్టి కోసుకుపోయి ఆ గోడే కూలుతుంది. నైరుతి గుంట తాత్కాలికమేననీ, పని అయ్యాక పూడ్చేస్తామనీ యజమానికి మొదట్లోనే చెప్పి ఒప్పించాలి. ఆ గోడ కింద పని చేసే కూలీల ప్రాణాల మాట అది.

ప్రశ్న అడిగిన పాఠకుడు మళ్ళీ ఫ్రిస్కో వెళ్ళినప్పుడు వాన వెలిశాక ఆ గుడ్డ వెనక్కి వెళ్ళి చూడండి. నీరు వచ్చి చేరిన అంచున చేతికి గరగరలాడే ఇసుక చార కనబడుతుంది. అక్కడినుంచి గుడ్డ వైపు రెండడుగులు వేస్తే వేళ్ళ మధ్య పిండిలా జారే ఒండ్రు. గుడ్డకు ఆనుకుని, ఆరాక పెచ్చులు పెచ్చులుగా లేచే పల్చటి బంక పొర. గుడ్డ అవతల కాలువలో పారే నీరు మాత్రం ఇంకా నల్లగానే ఉంటుంది.