ఇల్లు కట్టేనాటికే పడే కర్బన భారం

ప్రపంచంలో ఇళ్ల కొరత ఎంత పెద్దదో ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ యూఎన్-హాబిటాట్ అంచనా చూస్తే తెలుస్తుంది. 2030 నాటికి సుమారు 300 కోట్ల మందికి తగిన నివాసం అవసరమవుతుందనీ, అందుకు రోజుకు 96,000 ఇళ్లు కట్టాల్సి ఉంటుందనీ ఆ సంస్థ లెక్కగట్టింది. ఇంత తొందర ఉన్నప్పుడు ముందు ఇళ్లు లేపేద్దాం, ఇంధన పొదుపు సంగతి తర్వాత చూసుకుందాం అనే వాదన వినిపించడం సహజమే. కానీ పైకప్పు మీద సౌర ఫలకాలను పదేళ్ల తర్వాతైనా బిగించుకోవచ్చు గానీ, పునాదిలో పోసిన కాంక్రీటునూ, భవనం ఆకారాన్నీ, కిటికీలు తిరిగి ఉన్న దిక్కునూ తర్వాత సరిదిద్దుకోలేము. వాయిదా వేయడానికి వీల్లేని నిర్ణయాలే ఇందులో ఎక్కువ.

ఇంటి వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడును రెండు పద్దుల్లో రాస్తారు. వేడి చేసుకోవడానికీ, చల్లబరుచుకోవడానికీ, దీపాలకూ ఏటా వాడే ఇంధనం వల్ల వెలువడేది ఒకటి; సిమెంటు, ఉక్కు, ఇటుక, గాజు తయారు చేసి, మోసుకొచ్చి, కట్టడంలో వెలువడేది రెండోది. విద్యుదుత్పత్తి బొగ్గు నుంచి సౌర, పవన వనరుల వైపు మళ్లేకొద్దీ మొదటి పద్దు దానంతటదే తగ్గుతూ వస్తుంది. రెండో పద్దు మాత్రం తాళంచెవి చేతికొచ్చేసరికే పూర్తిగా ఖర్చయిపోయి ఉంటుంది. కొద్ది ఏళ్లలో కోట్ల ఇళ్లు కట్టదలచుకున్నప్పుడు ఈ రెండో పద్దును పక్కన పెట్టడం లెక్క తప్పడమే.

అందులో పెద్ద వాటా సిమెంటుది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 7 నుంచి 8 శాతం ఈ ఒక్క పరిశ్రమ నుంచే వస్తోంది. సున్నపురాయినీ బంకమట్టినీ కలిపి కొలిమిలో దాదాపు 1,450 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే క్లింకర్ గడ్డలు తయారవుతాయి. వాటిని కొద్దిగా జిప్సంతో కలిపి పొడి చేస్తే సిమెంటు. చిక్కేమిటంటే, ఆ ఉద్గారాల్లో దాదాపు 60 శాతం కొలిమిలో మండే ఇంధనం నుంచి కాక సున్నపురాయి నుంచే వస్తుంది. కాల్షియం కార్బోనేటు విడిపోయి కాల్షియం ఆక్సైడుగా మారేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక తప్పదు కాబట్టి, కొలిమిని పూర్తిగా స్వచ్ఛమైన విద్యుత్తుతో నడిపినా ఆ భాగం మిగిలే ఉంటుంది. అందుకే అసలు క్లింకరునే తగ్గించే దారి వెతికారు. క్లింకరు బదులు థర్మల్ కేంద్రాల బూడిద, ఉక్కు కర్మాగారాల్లో మిగిలే వ్యర్థమైన స్లాగు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. అయితే బొగ్గు కేంద్రాలు మూతపడేకొద్దీ బూడిదా తగ్గిపోతుంది. దానికన్నా ఎక్కువ ఆశ కల్పిస్తున్నది ఎల్‌సీ3 అనే సిమెంటు. ఇందులో క్లింకర్ సగమే. మిగతాది 800 డిగ్రీల దగ్గర కాల్చిన కెయోలిన్ బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి, కొంచెం జిప్సం. ఉద్గారాలు 30 నుంచి 40 శాతం తగ్గుతాయి.

సిమెంటు రకం మార్చడం కన్నా అసలు వాడకాన్నే తగ్గించడం ఇంకా తేలిక, కానీ దాని గురించి మాట్లాడేవారు తక్కువ. స్తంభాల మధ్య దూరం పెరిగితే స్లాబు మందం పెరుగుతుంది. పై అంతస్తు గోడలు కింది గోడల మీదే నిలబడితే బరువు మోయడానికి అదనపు దూలాలు అక్కర్లేదు. ఆకారం కూడా అంతే. పొడవు, వెడల్పు, ఎత్తు తలా పది మీటర్లుండే నాలుగు ఇళ్లను విడివిడిగా కడితే గోడలు, పైకప్పులు కలిపి 2,000 చదరపు మీటర్లు ఎండకూ గాలికీ ఎదురవుతాయి. వాటినే గోడకు గోడ ఆనించి వరుసగా కడితే అది 1,400 చదరపు మీటర్లకు దిగుతుంది. ఒక్క పరికరం కొనకుండా, ఏ కొత్త సాంకేతికతా లేకుండా వచ్చే లాభం ఇది.

ఇక వాడకంలో పొదుపు సంగతి. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో పూర్తయిన తొలి పాసివ్ హౌస్ ఇళ్లు, అంటే అతి తక్కువ ఇంధనంతో హాయిగా ఉండేలా కట్టిన ఇళ్లు, ఒక ప్రమాణానికి దారితీశాయి: ఏడాదంతా వెచ్చదనానికి చదరపు మీటరుకు 15 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి మించకూడదు. ఆ చలిదేశంలోని పాత ఇళ్లకు దానికి పది రెట్లు పట్టడం మామూలే. ఇందుకు మందమైన ఉష్ణనిరోధక పొర ఒక్కటే చాలదు. సందులున్న ఇల్లు ఓటి కుండే. సందులను కనిపెట్టడానికి తలుపు చట్రంలో ఒక ఫ్యాను బిగించి, లోపలికీ బయటికీ మధ్య 50 పాస్కళ్ల పీడన తేడా తెస్తారు. అప్పుడు స్విచ్‌బోర్డు దగ్గరో, కిటికీ మూలలోనో చెయ్యి పెడితే సన్నటి గాలి తగులుతుంది. పొగ వదిలితే అది ఎటు లాగబడుతోందో కంటికి కనిపిస్తుంది. గంటలో ఇంట్లోని గాలి పరిమాణానికి 0.6 రెట్లకు మించి గాలి చొరబడకపోతే ఇల్లు నెగ్గినట్టు. ఇలా బిగించిన ఇంటికి గాలి మార్చే యంత్రం తప్పనిసరి, లేకపోతే తేమ పేరుకుని గోడలకు బూజు పడుతుంది. వేడి ప్రాంతాల్లోనైతే మొదటి పని నీడ. ఎండను గాజుకు బయటే ఆపాలి. లోపల తెర దించేసరికి వేడి గది లోపలికి వచ్చేసి ఉంటుంది.

పెద్ద సంఖ్యలో కట్టడం ఇటువంటి నాణ్యతకు అడ్డంకి అనుకుంటాం గానీ, నిజానికి అదే అవకాశం. గోడా కిటికీ కలిసే చోటును ఒకసారి సరిగా గీసి, పరీక్షించి, కర్మాగారంలో వెయ్యి సార్లు అచ్చంగా అలాగే తయారు చేయవచ్చు. ఇంగ్లండులోని నార్విచ్‌లో సుమారు వంద ప్రభుత్వ అద్దె ఇళ్లను పాసివ్ హౌస్ ప్రమాణంతో వరుస ఇళ్లుగా కట్టారు. ఆ గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌కు 2019లో బ్రిటన్‌లో భవన నిర్మాణ కళకు ఇచ్చే స్టిర్లింగ్ పురస్కారం దక్కింది. అయితే మంచితో పాటు తప్పు కూడా అచ్చంగా అలాగే పునరావృతమవుతుంది. 1968లో లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో గ్యాసు పేలితే, ముందే పోసి తెచ్చి నిలబెట్టిన పలకల మధ్య అతుకులు తట్టుకోలేక ఒక మూల మొత్తం కూలింది, నలుగురు చనిపోయారు. అదే పద్ధతిలో కట్టిన మిగతా భవనాలనూ అనుమానించాల్సి వచ్చింది. కాబట్టి మొదటి కొన్ని ఇళ్ల దగ్గర ఆగి, విప్పి చూసి, కొలిచి, ఆ తర్వాతే వేగం పెంచడం కాలయాపన కాదు.

ఇవన్నీ స్థలం మీద ఉండే ఇంజినీరు ఇష్టానికి వదిలేస్తే జరగవు, కొలమానం చట్టంలో ఉండాలి. డెన్మార్క్ 2023 నుంచి 1,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాలకు, కట్టడమూ వాడకమూ కలిపి 50 ఏళ్ల లెక్కలో, ఏటా చదరపు మీటరుకు 12 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనే పరిమితి పెట్టింది. 2025లో దాన్ని ఇంకా బిగించి చిన్న ఇళ్లకూ వర్తింపజేసింది. అలాంటి పరిమితి ఉన్నప్పుడు తక్కువ క్లింకర్ సిమెంటుకు కొనేవారు ఖాయంగా ఉంటారు, దాన్ని తయారు చేసేవారు కొత్త కొలిమి మీద పెట్టుబడి పెట్టడానికి ధైర్యం చేస్తారు.