రోహిణి కార్తెలో నొప్పుల ఇంజెక్షన్

పోయిన ఏడాది రోహిణి కార్తెలో బెజవాడ గవర్నర్‌పేటలో ఒక మందుల షాపు ముందు నిలబడ్డాను. రోళ్లు పగిలే ఎండ. నా ముందున్న కుర్రాడు కాన్పుకి రాసిచ్చిన చీటీ అందించాడు. షాపాయన ఫ్రిజ్ తెరిచి రెండు బుల్లి గాజు ఆంప్యూల్స్ తీశాడు. ఐస్ ప్యాకుతో కలిపి పాత పేపర్లో చుట్టి, "ఎక్కడా ఆగొద్దు బాబూ, సరాసరి హాస్పిటల్‌కే" అన్నాడు.

అందులో ఉన్నది ఆక్సిటోసిన్. జనం నోట నొప్పుల ఇంజెక్షన్. పాడి ఉన్న ఇళ్లకి ఈ హార్మోను పేరు తెలియకపోయినా పని తెలుసు. గుంటూరు పక్కన మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో దూడను వదలగానే అది పొదుగును రెండుసార్లు కుమ్మేది. చన్నులు బిగిసేవి. "చేపింది, దూడని లాగరా" అనేది అమ్మమ్మ. గేదె మెదడు కింది గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తేనే ఆ చేపు. దూడ లేకుండా ఈ మందు సూది పొడిచి పాలు పిండే పాపిష్టి అలవాటూ ఇందులోంచి వచ్చిందే. దాన్ని ఆపాలని 2018లో కేంద్రం దేశంలో వాడకానికి ప్రైవేటు కంపెనీలు ఈ మందు తయారు చేయకూడదంది. ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే కేంద్రం ఇచ్చిన ఆ ఉత్తర్వేననిపించింది నాకు.

ఎందుకంటే, నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు దాకా రక్తం వెళ్తుంటుంది. బిడ్డ పుట్టి మాయ పడ్డాక ఆ సంచి గట్టిగా బిగుసుకోవాలి. కండరాల పోగులు తమ మధ్యనుంచి పోయే రక్తనాళాలను పిడికిట్లో పట్టినట్టు నొక్కేస్తాయి. పిడికిలి సడలితే రక్తస్రావం ఆగదు. అందుకే బిడ్డ బయటపడగానే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారు.

ఇది తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. రెండు గంధకం పరమాణువులు చేతులు కలపడంతో ఒక చివర వలయంగా ముడిపడి ఉంటుంది. 1953లో అమెరికా రసాయన శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యో దీన్ని ప్రయోగశాలలో తయారు చేశాడు. పెప్టైడ్ హార్మోనును మనిషి తయారు చేయడం అదే మొదలు. 1955లో ఆయనకు నోబెల్ వచ్చింది. చిక్కల్లా, ఒంట్లోని ఎంజైములు దీన్ని ఇట్టే కొరికేస్తాయి. కొద్ది నిమిషాల్లోనే సగమైపోతుంది.

కార్బెటోసిన్ ఈ గొలుసుకే మూడు మరమ్మతులు చేసి పుట్టించిన మందు. ఒక గంధకం స్థానంలో కార్బన్ పెట్టారు, మొదట్లో ఉన్న అమైన్ గుంపు తీసేశారు, గొలుసులోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి మిథైల్ అనే చిన్న గుంపు తగిలించారు. ఎంజైములకు పట్టు దొరకదు. సగమవడానికి 40 నిమిషాలు పడుతుంది. 100 మైక్రోగ్రాములు ఒక్కసారి ఇస్తే చాలు.

అయితే ఇదే గొప్ప మందా? నొప్పులు తెప్పించడానికి మాత్రం ఇది పనికిరాదు. అక్కడ ఆక్సిటోసిన్ డ్రిప్పే కావాలి. నొప్పులు మితిమీరి బిడ్డ గుండె వేగం తగ్గితే నర్సు డ్రిప్పు ఆపేస్తుంది. కాసేపటికి గర్భసంచి నెమ్మదిస్తుంది. కార్బెటోసిన్‌ను అలా వెనక్కి తీసుకోలేం. ఆక్సిటోసిన్ అల్పాయుష్షే అక్కడ బిడ్డకు రక్ష. కార్బెటోసిన్ పని బిడ్డ పుట్టాకే.

ఆ పనిలో రెండింటినీ పోల్చిన పెద్ద పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. మనదేశంతో సహా పది దేశాల్లో, మామూలు కాన్పయిన దాదాపు 30,000 మంది తల్లులు పాల్గొన్నారు. అర లీటరు, అంతకు మించి రక్తం పోయినవాళ్లు, లేదా మరో మందు ఇవ్వాల్సి వచ్చినవాళ్లు కార్బెటోసిన్ వైపు 14.5 శాతం, ఆక్సిటోసిన్ వైపు 14.4 శాతం. తేడా లేనట్టే. కానీ ఆ పరీక్షలో రెండు మందులనూ చల్లగానే ఉంచారు. కరెంటు పోయే చోట, మన ఎండల్లో అయితే లెక్క వేరు. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండకు పాడైనా రంగు మారదు, మంచి మందులాగే తేటగా ఉంటుంది. కార్బెటోసిన్ కూడా మొదట్లో ఫ్రిజ్ మందే. ద్రావణంలో కలిపే పదార్థాలు మార్చాకే 30 డిగ్రీల దగ్గరా ఏళ్ల తరబడి నిలిచే రకం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

నా వంతు వచ్చాక షాపాయన్ని అడిగాను. "కార్బెటోసినా? ఉందండీ. రేటు చూసి ఆక్సిటోసినే ఇవ్వమంటారు" అన్నాడు. అంతలో బయటికి చూసి గట్టిగా కేకేశాడు. ఆ కుర్రాడు పొట్లాన్ని ఎండలో కాలిన స్కూటర్ డిక్కీలో పెట్టబోతున్నాడు. ఉలిక్కిపడి బయటికి తీసి, బండి స్నేహితుడికిచ్చి, పొట్లం చేత్తో పట్టుకుని వెనకెక్కాడు.