చామంతి చీకటిని కొలుస్తుంది

ఆకులు నవనవలాడుతుంటాయి, మొగ్గ మాత్రం కనిపించదు. చామంతి ఇలా మొరాయిస్తే చాలామంది ఎరువు సంచీ విప్పుతారు. అందులో నత్రజని ఎక్కువైతే ఆకులే ఇంకా బలుస్తాయి. నేనైతే ముందు అడిగేది వేరు: ఆ మడి మీద రాత్రిపూట దీపం వెలుగు పడుతోందా?

ఎండాకాలమంతా ఏపుగా పెరుగుతూ పూత ఊసెత్తని ఒక రకం పొగాకును పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్, పూతకూ పగటి నిడివికీ ఉన్న ముడిని 1920లో బయటపెట్టారు. ఆ పొగాకులా, చామంతిలా రాత్రులు పొడవైతేనే పూసే మొక్కలు నిజానికి కొలిచేది పగలును కాదని, మధ్యలో తెగని చీకటినని తరువాత తేలింది. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం ఎర్రని కాంతిని పసిగడుతుంది. పొడవైన రాత్రి నడుమ కాసేపు వెలుగు పడినా చామంతి లెక్కలో అది పొడవైన రాత్రి కాదు. మొగ్గ వాయిదా పడుతుంది. పూల సాగుదారులు ఈ కిటుకుతోనే, దీపాలు వెలిగించి పూతను ఆపుతూ, నల్లని గుడ్డ కప్పి పూతను రప్పిస్తూ, ఏడాది పొడవునా చామంతులు పూయిస్తారు. వరండా దీపమూ మనం అడగకుండానే మొదటి పని చేసిపెడుతుంది.

గులాబీకి ఈ పట్టింపు లేదు. ఇప్పటి రకాల్లో చాలావరకు కొత్త చిగురు వేసినప్పుడల్లా పూస్తాయి. చీకటిని లెక్కపెట్టే మొక్కలూ పెట్టనివీ పక్కపక్కన ఉంటే మడి ఎప్పుడూ బోసిపోదు, తేనెటీగలకూ కరువుండదు. అయితే అన్నిటికీ ఒకే రోజు కత్తెర వేస్తే కుదరదు.

కొన తుంచడమే తీసుకోండి. కొన నుంచి కిందికి దిగే ఆక్సిన్ హార్మోను పక్క మొగ్గలను అణిచి ఉంచుతుంది. కొన కోసిన చోట ఆక్సిన్ పూస్తే పక్క మొగ్గలు లేవవని శాస్త్రవేత్తలు థీమన్, స్కూగ్ 1930లలోనే చూపించారు. కొన వాడుకునే చక్కెరలు పక్క మొగ్గలకు మళ్లడం కూడా ఒక కారణమని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. లేత చామంతి కొనలు తుంచితే గుబురుగా కొమ్మలు వేస్తుంది. రాత్రులు పొడవయ్యాక తుంచితే మాత్రం పోయేది పూతే.

వాడిన పూలను ఎప్పటికప్పుడు తీసేస్తే గింజ కట్టడానికి పోయే శక్తి మిగులుతుంది. దుంప మొక్కల విషయంలో ఆ ఉత్సాహం పూకాడతో ఆగాలి. పూత అయ్యాక దుంపలో వచ్చే ఏటికి పిండిపదార్థం నింపేది ఆ పచ్చని ఆకులే. అవి పండి ఎండేదాకా, చూడటానికి బాగోకపోయినా, ఓర్చుకోవాలి.

రెండు మూడేళ్లకు చామంతి దుబ్బు నడిమధ్య కర్రబారుతుంది, బలమంతా అంచుల్లోని పిలకలకు చేరుతుంది. పూత ముగిశాక దుబ్బును పెకిలించి, వేళ్లున్న పిలకలను గాలి ఆడేంత ఎడంగా నాటండి. నడిమి ముసలి భాగాన్ని మొహమాటపడకుండా కంపోస్టు గుంతలో వేయండి.