తెరమీది ఇంగ్లీషు ప్రేమికుడు, అతని లండన్

ఏటా డిసెంబర్ రాగానే బ్రిటన్‌లో ఒక వాదన మళ్లీ లేస్తుంది. 2003లో వచ్చిన ‘లవ్ యాక్చువల్లీ’ అనే ప్రేమ హాస్యచిత్రాన్ని టీవీలో వేస్తారు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు, తెల్లారేసరికి పత్రికల్లో ‘ఇది ఎవరి లండన్?’ అన్న చర్చ మొదలవుతుంది. తెర మీద దాదాపు అందరూ తెల్లవాళ్లే కాబట్టి ప్రశ్నలో న్యాయం ఉంది. 2001 జనాభా లెక్కల్లోనే లండన్‌లో తమను తెల్లజాతి బ్రిటిష్ వారిగా నమోదు చేసుకున్నది సుమారు 60 శాతం మంది. 2021 నాటికి అది 37 శాతం లోపుకు వచ్చింది. ఇక ఇలాంటి ఇంగ్లీషు ప్రేమకథా సినిమాల్లో హీరోలు మాట్లాడే ‘బీబీసీ ఇంగ్లీషు’ ఉచ్చారణ ఉంది చూశారూ, అది మొత్తం ఇంగ్లండ్‌లో 3 శాతం మందిదేనని భాషాశాస్త్రవేత్త పీటర్ ట్రడ్గిల్ 1974లోనే అంచనా వేశాడు. అయినా ప్రపంచంలో ఎక్కడ అడిగినా ఇంగ్లీషు ప్రేమికుడంటే ఆ యాసే, ఆ చెరిగిన జుట్టే, మాట మధ్యలో ఆగిపోయే ఆ మొహమాటమే గుర్తుకొస్తాయి.

ఈ బొమ్మను ఎవరూ కుట్రపన్ని తయారుచేయలేదు. సినిమాకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, టికెట్లు ఏ దేశంలో తెగాలి అన్న లెక్కల్లోంచి అది పుట్టింది. ఆ లెక్కలు చూడకుండా దర్శకులను తిట్టినా, మెచ్చుకున్నా విషయం సగమే తెలుస్తుంది.

మొహమాటం మొదటినుంచీ లేదు

1953 నాటి ‘జెనివీవ్’ చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పాతకాలపు కార్లు లండన్ నుంచి బ్రైటన్‌కు నడిపే వార్షిక ఊరేగింపు దాని నేపథ్యం. తిరుగు ప్రయాణంలో వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జిని ముందు దాటినవాడికి 100 పౌండ్లు అని ఇద్దరు స్నేహితులు పందెం కాస్తారు. ఆ మగవాళ్లలో సిగ్గు మచ్చుకైనా ఉండదు. పంతం, అసూయ, భార్య కన్నా కారు మీద ఎక్కువ ప్రేమ ఉంటాయి. చివరికి ఒకడి కారు చక్రాలు ట్రామ్ పట్టాల్లో ఇరుక్కుని, బండి అతను తిప్పిన వైపు కాక పట్టాలు పోయిన వైపుకు పోతుంది. నవ్వు పుట్టేది నగరపు రోడ్డులోంచే, కాబట్టి ఆ రోడ్డు నిజమైనదై ఉండాలి. దర్శకుడు హెన్రీ కార్నీలియస్ అంతకుముందు 1949లో తీసిన ‘పాస్‌పోర్ట్ టు పిమ్లికో’లో కూడా బాంబులు పడి శిథిలమైన ఖాళీ జాగాలు కనిపిస్తాయి. పిమ్లికో పేరుతో తీసింది నిజానికి నది అవతల లాంబెత్‌లో. అయినా అది యుద్ధం చూసిన లండన్ అని నమ్మబుద్ధవుతుంది.

1960లలో అమెరికన్ స్టూడియోల డబ్బు లండన్‌కు వరదలా వచ్చింది. 1966 ఏప్రిల్‌లో టైమ్ పత్రిక ఈ నగరాన్ని అట్ట మీద వేసింది. దశాబ్దం ముగిసేసరికి ఆ డబ్బు వెనక్కి పోయింది. 1985లో మరో దెబ్బ పడింది. సినిమా టికెట్ల మీద కొంత సుంకం వసూలు చేసి దేశీయ నిర్మాతలకు పంచే ‘ఈడీ లెవీ’ని ప్రభుత్వం రద్దు చేసింది. అప్పటికి ఆదుకునే చేయి ఒక టీవీ సంస్థదే: 1982 నవంబర్‌లో మొదలైన ఛానల్ 4.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. తర్వాతి కాలంలో ‘తెల్లవాళ్ల లండన్’ అని విమర్శలు మోసిన నిర్మాణ సంస్థ వర్కింగ్ టైటిల్‌కు తొలి విజయం 1985 నాటి ‘మై బ్యూటిఫుల్ లాండ్రెట్’. ఛానల్ 4 డబ్బుతో, 16 ఎం.ఎం. ఫిల్మ్ మీద, దక్షిణ లండన్‌లో తీశారు. లాండ్రీ నడిపే పాకిస్తానీ కుటుంబపు కుర్రాడికీ, ఒకప్పుడు జాత్యహంకార ముఠాలతో తిరిగిన తెల్ల కుర్రాడికీ మధ్య ప్రేమకథ అది. కాబట్టి ఆ లండన్ తెలియక వదిలేశారనడానికి వీల్లేదు. తెలిసిన సంస్థే తొమ్మిదేళ్లలో మరో దారి పట్టింది.

పెళ్లి బట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకున్న సినిమా

ఈ బాణీ సినిమాలకు ముఖ్య రచయిత రిచర్డ్ కర్టిస్. అతని మొదటి సినిమా ‘ది టాల్ గై’ 1989లో వచ్చింది. హీరో అమెరికన్, హీరోయిన్ ఇంగ్లీషు నర్సు, చోటు లండన్‌లోని కామ్‌డెన్. పెద్దగా ఆడలేదు. వర్కింగ్ టైటిల్ 1993లో తీయగా 1994లో విడుదలైన ‘ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యూనరల్’లో కర్టిస్ దాన్ని తిరగేశాడు. హీరో ఇంగ్లీషువాడయ్యాడు, హీరోయిన్ అమెరికన్ అయింది.

ఖర్చు 30 లక్షల పౌండ్ల లోపే, షూటింగ్ ఆరు వారాలు. బడ్జెట్ ఎంత బిగుతంటే పెళ్లి అతిథులుగా నిలబడ్డ ఎక్స్‌ట్రాలను ఎవరి సూట్లు వాళ్లనే తెచ్చుకోమన్నారు. ఇంగ్లండ్‌లో పొద్దుటిపూట పెళ్లికి వేసుకునే తోక కోటు సొంతంగా బీరువాలో ఉండేది ఎవరికి? పై తరగతికే. ఆ రకంగా డబ్బు లేకపోవడమే తెరను సంపన్నులతో నింపింది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఆ సినిమా వర్గ స్వభావం మీద రాసిన అనేక వ్యాసాల సారం అర్థమవుతుంది. అదే సినిమాలో అంత్యక్రియల దృశ్యం మాత్రం ఎసెక్స్‌లోని వెస్ట్ థరక్ అనే ఊళ్లో, ఫ్యాక్టరీ పక్కనున్న పాత చర్చిలో తీశారు. అప్పటిదాకా భవంతులూ పచ్చికబయళ్లూ చూసిన కంటికి అక్కడ ఉన్నట్టుండి పొగగొట్టాలు కనిపిస్తాయి. సినిమా మొత్తంలో పనిచేసి బతికే ఇంగ్లండ్ తొంగిచూసేది అక్కడే, ఆ దృశ్యం అంత బరువుగా ఉండటానికి సగం కారణం ఆ చోటే.

విడుదల కూడా మామూలు వరసలో జరగలేదు. 1994 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ ఉత్సవంలో తొలి ప్రదర్శన, మార్చిలో అమెరికా థియేటర్లు, మే నెలలో గానీ బ్రిటన్‌కు రాలేదు. మొదటి నిమిషాల్లో హీరో వరసగా విసిరే బూతుమాటకు బదులు అమెరికా టీవీ కోసం కాస్త మెత్తని తిట్టుతో అదే దృశ్యాన్ని మళ్లీ తీశారు. అంటే బయటివాళ్ల చెవికి ఏది సొగసుగా, ఏది ముతకగా వినిపిస్తుందో తూచి చూశాకే ఈ ఇంగ్లీషుతనం మార్కెట్‌కు వెళ్లింది. ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. ఆ తర్వాత ఏ నిర్మాత ఆ మూసను వదులుకుంటాడు?

నసుగుడు ఎలా పనిచేస్తుంది

‘ఫోర్ వెడ్డింగ్స్’ హీరో హ్యూ గ్రాంట్ పాత్రల మాటతీరును నటుడి అలవాటుగా చూడటం పొరపాటు. అది పేజీ మీద కట్టిన పనితనం. వాక్యం మొదలవుతుంది, సగంలో తెగుతుంది. ఒక క్షమాపణ వస్తుంది. సంబంధం లేని పక్కదారి ఒకటి పడుతుంది. అసలు మాట చివరికి ఇంకొకరి నోటితో వస్తుంది: ‘ఫోర్ వెడ్డింగ్స్’లో థేమ్స్ ఒడ్డున, సౌత్ బ్యాంక్ మీద హీరో తన ప్రేమను డేవిడ్ కాసిడీ అనే పాప్ గాయకుడి పేరు అడ్డుపెట్టుకుని చెబుతాడు.

దీనికి ఎదురుగా సూటిగా మాట్లాడే మనిషి ఉండాలి, లేకపోతే ఆలస్యం ఆలస్యంగానే మిగిలిపోతుంది. అమెరికన్ హీరోయిన్ పని అదే. ఆమె అడుగుతుంది, ముందు ముద్దుపెడుతుంది, వెళ్లిపోతుంది. అమెరికా ప్రేక్షకుడికి తమ మనిషి కళ్లలోంచి ఇంగ్లండ్‌ను చూసే అవకాశం కూడా దొరుకుతుంది. ఈ మూస ఎక్కడ విఫలమవుతుందంటే, నసుగుడు ఉండి, దాని వెనక దాచుకోవాల్సిన బాధ లేనప్పుడు. 2000ల తర్వాత వచ్చిన నకళ్లలో హీరో తడబడుతూనే ఉంటాడు, కానీ పోగొట్టుకోవడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. అప్పుడు మొహమాటం ముద్దుగా కాక విసుగ్గా కనిపిస్తుంది.

నాటింగ్ హిల్‌లో లేనిది

లండన్‌లోని ఒక పేట పేరే పెట్టుకున్న 1999 నాటి ‘నాటింగ్ హిల్’ ఖర్చు సుమారు 4.2 కోట్ల డాలర్లు, వసూళ్లు 36 కోట్లకు పైగా. వెస్ట్‌బోర్న్ పార్క్ రోడ్‌లోని 280వ నంబరు ఇంటినే హీరో ఇల్లుగా చూపించారు, అది అప్పట్లో సినిమా రాసిన కర్టిస్‌దే. ఆ నీలిరంగు తలుపు తర్వాత వేలానికి పోయింది, చాలాకాలం అక్కడ నల్ల తలుపు ఉండేది. హీరో పుస్తకాల దుకాణంగా చూపించింది పోర్టోబెల్లో రోడ్‌లోని 142వ నంబరు. దానికి ప్రేరణ అయిన అసలు దుకాణం ఆ దగ్గర్లోని బ్లెన్‌హైమ్ క్రెసెంట్‌లో ఉండేది, 2011లో మూతపడింది. నష్టాల్లో నడిచే పుస్తకాల షాపు యజమాని ఆ పేటలో రెండంతస్తుల ఇంట్లో ఉండటం 1999 నాటికే నమ్మశక్యం కాదు.

ఆ పేట చరిత్ర తెలిసినవాళ్లకు ఈ సినిమా ఎందుకు గుచ్చుకుంటుందో చెప్పాలి. 1950లలో నాటింగ్ హిల్ అంటే కూలిపోయే ఇళ్లు. కరీబియన్ దీవులనుంచి వచ్చినవాళ్లకు మరెక్కడా గది దొరక్క, పీటర్ రాక్‌మన్‌ లాంటి యజమానుల దగ్గర ఇరుకు గదులకు ఎక్కువ అద్దె కట్టి బతికేవారు. 1958 ఆగస్టు చివర్లో తెల్ల కుర్రాళ్ల గుంపులు వాళ్ల మీద దాడులకు దిగాయి, సెప్టెంబర్ మొదటి వారం దాకా అల్లర్లు సాగాయి. 1959 మేలో ఆంటిగ్వా నుంచి వచ్చిన వడ్రంగి కెల్సో కాక్రేన్‌ను ఆ వీధుల్లోనే పొడిచి చంపారు. అదే ఏడాది జనవరిలో పాత్రికేయురాలు క్లాడియా జోన్స్ సెయింట్ పాంక్రాస్ టౌన్ హాల్‌లో జరిపిన కరీబియన్ ఉత్సవమూ, 1966లో వీధుల్లోకి వచ్చిన పండుగా కలిసి నేటి నాటింగ్ హిల్ కార్నివాల్‌కు మూలాలు. ఏటా ఆగస్టు చివరి సోమవారం, దాని ముందురోజు ఆదివారం జరుగుతుంది.

ఇప్పుడు సినిమాలో అందరూ మెచ్చుకునే ఆ నడక గుర్తుచేసుకోండి. హీరో పోర్టోబెల్లో మార్కెట్‌లో నడుస్తుంటే ఒకే షాట్‌లా అనిపించే దృశ్యంలో ఎండ పోయి వాన, వాన పోయి మంచు, మళ్లీ ఎండ. గర్భిణి ఒకామె చివరికి బిడ్డనెత్తుకుని కనిపిస్తుంది. సాంకేతికంగా అద్భుతం, విడివిడి షాట్లను అతుకు కనిపించకుండా కలిపారు. కానీ ఏడాది మొత్తం గడిచిన ఆ వీధిలో కార్నివాల్ జాడ లేదు. అల్లర్లు చూపించలేదని ఎవరూ ఫిర్యాదు చేయరు, ఇది ప్రేమకథ. పండుగ లేకపోవడం మాత్రం ప్రేమకథకే లోటు. స్టీలు డ్రమ్ముల చప్పుడులో విడిపోయిన ప్రేమికుడు ఒంటరిగా నడిస్తే ఎలా ఉండేదో ఊహించుకుంటే ఆ లోటు ఎంతో తెలుస్తుంది.

వాన, మంచు, ప్రధానమంత్రి

లండన్‌లో ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో 800 దాటుతుంది. తేడా ఏమిటంటే అక్కడ అది సన్నటి తుంపరగా ఏడాది పొడవునా రోజులకు రోజులు పరుచుకుంటుంది. తుంపర కెమెరాకు చిక్కదు. వాన తెర మీద కనిపించాలంటే లావు చుక్కలు పడాలి, వెనకనుంచి దీపం కొట్టాలి. అందుకే ముగింపు ముద్దుల మీద కురిసేది పైపుల నీళ్లు. మంచు సంగతీ అంతే, క్రిస్మస్ నాడు లండన్ వీధుల్లో మంచు పేరుకోవడం అరుదు. 2001 నాటి ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ చివర్లో హీరోయిన్ లోదుస్తులతో పరుగెత్తే మంచు సినిమాకోసం కురిసిందే. దారి మాత్రం నిజమే: బరో మార్కెట్ దగ్గరి బెడేల్ స్ట్రీట్ నుంచి లండన్ బ్రిడ్జి దాటి రాయల్ ఎక్స్ఛేంజ్ దాకా కిలోమీటరు పైచిలుకు, మనిషి పరుగెత్తగలిగిన దూరమే. బ్రిడ్జెట్‌గా నటించిన, టెక్సాస్‌లో పుట్టిన రెనే జెల్‌వెగర్‌కు ఇంగ్లండ్ యాస నేర్పింది బార్బరా బెర్కెరీ. లండన్‌లో ఒక ప్రచురణ సంస్థలో కొన్ని వారాలు పనిచేసి మరీ నటి ఆ మాటతీరు పట్టుకుంది. ఈసారి అమెరికన్ కథలో లేదు, పాత్ర లోపల ఉంది.

‘లవ్ యాక్చువల్లీ’లో అమెరికన్ అధ్యక్షుడే ప్రతినాయకుడు. ఇరాక్ యుద్ధం జరిగిన ఏడాది అది. బ్రిటిష్ ప్రధాని అతణ్ని నలుగురిలో నిలదీసే దృశ్యానికి జనం చప్పట్లు కొట్టారు. 2005 లేబర్ పార్టీ మహాసభలో అప్పటి అసలు ప్రధాని టోనీ బ్లెయిర్, ‘నేనూ అలా చేస్తే బాగుండునని మన మనసుల్లో ఎక్కడో ఉందని నాకు తెలుసు’ అన్న అర్థంలో ఆ సినిమా పేరెత్తాడు. అదే కథలో ప్రధాని ప్రేమించే, టీ అందించే అమ్మాయిది దక్షిణ లండన్‌లోని వాండ్స్‌వర్త్‌లో ‘బాగోలేని వైపు’. తీసింది హెర్న్ హిల్‌లో. ఆమె లావు మీద పదేపదే జోకులు. శ్రామిక కుటుంబపు అమ్మాయి ఈ లండన్‌లోకి అలాగే రాగలిగింది. ప్రధాన పాత్రలు ఇన్ని ఉన్నా నల్లజాతి నటుల్లో చెప్పుకోదగ్గ చోటు దక్కింది చివెటెల్ ఎజియోఫోర్‌కు, అదీ పెళ్లికొడుకుగా పక్కన నిలబడటానికి. ఆ వైవిధ్య లోపం తనకిప్పుడు ఇబ్బందిగా అనిపిస్తోందని సినిమా రాసి, తీసిన కర్టిస్ 2022లో ఒక టీవీ కార్యక్రమంలో ఒప్పుకున్నాడు.

2007 నుంచి ఇంకో లెక్క చేరింది. బ్రిటన్‌లో పన్ను రాయితీ కావాలంటే సినిమా ‘సాంస్కృతిక పరీక్ష’ నెగ్గాలి. 2014లో సవరించాక 35 పాయింట్లలో 18 రావాలి. కథ అక్కడ జరిగితే 4 దాకా, ముఖ్య పాత్రలు అక్కడివాళ్లయితే 4 దాకా, సంభాషణలు ఇంగ్లీషులో ఉంటే 6 దాకా వస్తాయి. ఇంగ్లీషుతనానికి అధికారికంగా మార్కులు పడుతున్నాయన్నమాట. అయితే ఎలాంటి ఇంగ్లీషుతనమో ఆ పట్టిక చెప్పదు.

తెలుగు ప్రేమకథలూ లండన్ వెళ్లాయి. 2018 నాటి ‘తొలిప్రేమ’లో విడిపోయినవాళ్లు మళ్లీ ఎదురుపడేది అక్కడే. 2023 నాటి ‘మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి’లో హీరోయిన్ అక్కడ షెఫ్. ఈ కథల్లో లండన్ చదువుకీ ఉద్యోగానికీ దూరానికీ చిరునామా. ఇంగ్లీషువాళ్లు మాత్రం దాదాపు గోడల్లా వెనక నిలబడి ఉంటారు, మన కథకులు వాళ్లతో మాట్లాడించే ప్రయత్నమే పెద్దగా చేయలేదు.

బ్రిటన్‌లో మార్పు 2023లో ‘రై లేన్’తో గట్టిగా కనిపించింది. దర్శకురాలు రెయిన్ అలెన్ మిల్లర్ తొలి సినిమా అది. కామ్‌డెన్‌లో జరిగేలా రాసిన కథను ఆమె నది దాటించి దక్షిణ లండన్‌లోని పెకమ్, బ్రిక్స్‌టన్ వీధుల్లోకి తెచ్చింది. ఇద్దరు నల్లజాతి యువతీయువకులు ఒక పగలంతా నడుస్తారు, అంతే కథ. కుర్రాడు ఇక్కడా తడబడతాడు, కానీ ఆ తడబాటు వెనక ప్రియురాలు స్నేహితుడితో వెళ్లిపోయిన దెబ్బ ఉంది. మధ్యలో మెక్సికన్ తిండి అమ్మే కొట్టులో ‘లవ్ యాక్చువల్లీ’, ‘బ్రిడ్జెట్ జోన్స్’ సినిమాల నటుడు కోలిన్ ఫర్త్ ఒక్క క్షణం కనిపిస్తాడు.

2025 ఫిబ్రవరిలో నాలుగో బ్రిడ్జెట్ జోన్స్ సినిమా బ్రిటన్‌లో థియేటర్లకు వచ్చింది. అమెరికాలో నేరుగా స్ట్రీమింగ్‌లోకి వెళ్లింది. ఎవరి థియేటర్ల కోసం ఈ మూసను ముప్పై ఏళ్ల కింద పోతపోశారో ఆ థియేటర్లకు ఈసారి వెళ్లనే లేదు. కథ హాంప్‌స్టెడ్‌లో నడుస్తుంది, పేట ఇప్పటికీ సంపన్నమైనదే. బ్రిడ్జెట్ చివరికి మనసిచ్చే టీచరు పాత్ర మాత్రం చివెటెల్ ఎజియోఫోర్‌ది.