తెర మీద తెలుగు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో పాతికేళ్ళుగా డీటీపీ పని చేస్తున్నాను. శుభలేఖలతోనూ కరపత్రాలతోనూ మొదలుపెట్టి కథల పుస్తకాల దాకా వచ్చాను. కొన్నేళ్ళుగా ఆన్‌లైన్ కార్యక్రమాలకు తెలుగు సబ్‌టైటిళ్ళు కూడా కూరుస్తున్నాను. నా దగ్గరికి వచ్చే రచయితలు, మాస్టార్లు, వీడియోలు చేసే కుర్రవాళ్ళు అందరూ సాఫ్ట్‌వేర్ గురించి గట్టి అభిప్రాయాలతోనే వస్తారు. వాటిలో కొన్ని ఒకప్పుడు నిజమే కానీ ఇప్పుడు చెల్లవు, కొన్ని ఏనాడూ నిజం కావు. నేను గమనించినంతలో వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే: యంత్రంలో దాచిన పాఠమూ, తెర మీద కనిపించే ఆకారమూ ఒకటేనని అనుకోవడం.

అపోహ: ‘అను’ ఫాంట్లలో కొట్టినా తెలుగే, యూనికోడ్‌లో కొట్టినా తెలుగే. కావాలంటే ఫాంటు మార్చుకుంటే సరిపోతుంది.

వాస్తవం: కాగితం మీద చూసేవారికి రెండూ తెలుగే. యంత్రానికి మాత్రం మొదటిది తెలుగు కాదు. అను వంటి పాత ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే ఒంటిని, తలకట్టును, కొమ్మును, వత్తును, విడివిడి బొమ్మలుగా పెట్టారు. మనం ‘కృష్ణ’ అని కొట్టినప్పుడు ఫైలులో నిజంగా చేరేది అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలూ చిహ్నాలూ కలిసిన ఒక వరస. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అది ‘కృష్ణ’గా కనిపిస్తుంది, లేని కంప్యూటర్లో దాని అసలు రూపం బయటపడుతుంది. ఆ ఫైలులో ‘కృష్ణ’ను వెతకమంటే సాఫ్ట్‌వేర్‌కు దొరకదు, ఎందుకంటే అక్కడ ఆ మాట లేనే లేదు.

యూనికోడ్ పద్ధతి వేరు. అది లిపుల్లోని ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఒక్కో సంకేతం కేటాయించే అంతర్జాతీయ ప్రమాణం. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలున్న ఒక గది ఇచ్చారు. ఆ అమరికకు, భారతీయ లిపుల కోసం మన దేశంలో అప్పటికే ఉన్న ఇస్కీ అనే సంకేతాల ప్రమాణం ఆధారం. అందులో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అనే ఆరు సంకేతాలు. కంటికి ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు. ఆ ఆరింటినీ కలిపి ఏ ఆకారంలో చూపాలనేది ఫాంటూ, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేరూ కలిసి చేసే పని. అందుకే యూనికోడ్ పాఠానికి ఏ యూనికోడ్ ఫాంటు తొడిగినా పాఠం చెదరదు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో నాకు ఒక పుస్తకం నేర్పింది. పదిహేనేళ్ళ కిందట మూడు వందల పేజీల కథా సంపుటాన్ని పాత ఫాంటులో కూర్చి అచ్చుకు ఇచ్చాను. తర్వాత ఆ రచయిత ఈ-పుస్తకం కావాలని వస్తే, ఒక కన్వర్టర్‌తో మార్చి గంటలో ఇస్తానని మాట ఇచ్చాను. మార్చి చూస్తే వత్తులు పక్క అక్షరాలకు తగులుకున్నాయి, కొన్నిచోట్ల గుణింతాలు ఎగిరిపోయాయి. కారణం కన్వర్టర్ ఒక్కటే కాదు. ఒకే ఆకారాన్ని రెండు మూడు రకాల ముక్కలతో కూర్చవచ్చు కాబట్టి, కంటికి బాగుంటే చాలని అప్పట్లో నేనే ఇష్టం వచ్చినట్టు కొట్టి ఉన్నాను. గంట అనుకున్న పని మూడు వారాలు పట్టింది. మీ దగ్గర పాత ఫైళ్ళు ఉంటే, వాటిని మార్చాక అచ్చయిన పుస్తకాన్ని పక్కన పెట్టుకుని ప్రతి పేజీ ప్రూఫు చూడక తప్పదు.

ఇలాంటి మోసం యూనికోడ్‌లోనూ ఒకటుంది. పూర్ణానుస్వారం ‘ం’, తెలుగు అంకె సున్న ‘౦’ చూడటానికి కవలల్లా ఉంటాయి. కొందరు మొదటిదాని చోట రెండోది కొడతారు. అచ్చులో ఎవరూ పట్టుకోలేరు, వెతుకులాటలో మాత్రం ఆ మాట మాయమైపోతుంది.

అపోహ: యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవు, పుస్తకాలకు పనికిరాదు.

వాస్తవం: 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చిన రోజుల్లో ఈ మాటకు అర్థం ఉంది. అప్పట్లో తెలుగు సరిగా కనబడాలంటే సెట్టింగుల్లోకి వెళ్ళి సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా ఎక్కించాలి, దానికి మళ్ళీ విండోస్ సీడీ వెతకాలి. ఇవాళ మండలి, గిడుగు, సురవరం, రామభద్ర, ధూర్జటి వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి, వాటిని వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోవచ్చు. గూగుల్ వారిదే అయిన నోటో ఫాంట్ల కుటుంబంలో గీతల మందాలు అనేకం ఉన్నాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు విరిగిపోతోందని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది పేరాగ్రాఫు సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోకపోవడమే అసలు లోపం. అది ఎంచుకున్న క్షణం వత్తులన్నీ తమ చోటికి చేరతాయి.

అయితే ఫాంట్ల సంఖ్యలో మనం ఇంకా పేదవాళ్ళమేననే మాట నేనూ ఒప్పుకుంటాను. శీర్షికలకు పనికొచ్చేవి పుష్కలంగా ఉన్నాయి, నాలుగు వందల పేజీలు కళ్ళు అలసిపోకుండా చదివించేవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇంకొక మాట: ‘రాష్ట్రం’లో ష కింద ట వత్తు, దాని పక్కన ర వత్తు వస్తాయి కాబట్టి తెలుగుకు ఇంగ్లిషు కంటే వరసల మధ్య ఎక్కువ ఎడం కావాలి. ఇంగ్లిషు పుస్తకపు కొలతలు తెచ్చి తెలుగుకు పెట్టి, పేజీ ఇరుకుగా ఉందని ఫాంటును తిట్టేవారిని రోజూ చూస్తుంటాను.

అపోహ: 2018లో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పాడుచేసింది. మన లిపి కంప్యూటర్లకు సరిపడదు.

వాస్తవం: ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక సందేశం తెరవగానే ఐఫోన్లలో ఆ సందేశాన్ని చూపే యాప్ మూతబడిపోయిన మాట నిజం. దాన్ని వైరస్ అన్నవారూ ఉన్నారు, తెలుగు అక్షరమే తప్పు అన్నవారూ ఉన్నారు. ఆ సందేశంలో ఉన్నది ‘జ్ఞా’ను పోలిన ఒక కూర్పు: జ, పొల్లు, ఞ, ఆ తర్వాత పక్క పక్క అక్షరాలను కలవనివ్వని, కంటికి కనిపించని నాన్‌జాయినర్ అనే గుర్తు, చివర దీర్ఘం. ‘విజ్ఞానం’ అని మామూలుగా రాసుకునే ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. అరుదైన ఆ వరసను ఎలా చూపాలో ఆపిల్ వారి అక్షర కూర్పు సాఫ్ట్‌వేర్‌కు తెలియక అది కుప్పకూలింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కూర్పులకూ అదే జరిగింది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో లోపం సరి అయింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది, నింద మాత్రం లిపి మీద పడింది. ఆ వారం మా బజారులో ఒక పెద్దమనిషి తన ఫోనులోని తెలుగు కీబోర్డునే తీసేయించుకున్నాడు.

అపోహ: సబ్‌టైటిళ్ళలో తెలుగు పాడైందంటే కూర్చినవాడికి తెలుగు రాదన్నమాట.

వాస్తవం: కొన్నిసార్లు అదీ నిజమే. అంతకంటే ఎక్కువసార్లు తప్పు వేరేచోట ఉంటుంది, ఎక్కడుందో తెరను చూసి చెప్పవచ్చు. అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తే పాఠం క్షేమంగానే ఉంది, ఆ టీవీలో తెలుగు ఫాంటు లేదు. ఉచ్చారణ గుర్తులున్న వింత ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తే పాఠం యూనికోడ్‌ను ఫైలులో దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఉంది, ప్లేయరు దాన్ని వేరే పద్ధతిలో చదువుతోంది. ప్లేయరు సెట్టింగు మారిస్తే చాలు. వరసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం ఆశ వదులుకోవాలి, ఎందుకంటే ఎవరో ఆ ఫైలును తెలుగును మోయలేని పద్ధతిలో సేవ్ చేశారు, అక్షరాలు శాశ్వతంగా పోయాయి. నోట్‌ప్యాడ్ చాలాకాలం అలాంటి పాత పద్ధతిలోనే సేవ్ చేసేది. విండోస్ 10కు 2019లో వచ్చిన మార్పుతోనే యూటీఎఫ్-8 దానికి సహజ పద్ధతి అయింది. నా మొదటి సబ్‌టైటిల్ ఫైలు అలాగే పోయింది, నలభై నిమిషాల కార్యక్రమాన్ని మళ్ళీ మొదటినుంచి విని రాశాను. గుడి, కొమ్ము వంటివి చుక్కల వలయం మీద ఒంటరిగా నిలబడి కనిపిస్తే గుణింతపు గుర్తు హల్లు కంటే ముందు పడిందని అర్థం.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇవేవీ కాదు. రెండు వరసల సబ్‌టైటిళ్ళలో పై వరస వత్తులు కింది వరస తలకట్ల మీద కూర్చోవడం. ఇంగ్లిషు అక్షరాలను చూసి ఎవరో నిర్ణయించిన ఎడం అది. దాన్ని మార్చే వీలు నాకు చాలాసార్లు ఉండదు, కాబట్టి వత్తులు తక్కువ పడే మాటలు ఏరుకుని రాస్తున్నాను. ‘అత్యుత్కృష్టం’ అని ఉన్నచోట ‘చాలా గొప్పది’ అంటే చదివేవారికీ సుఖమే.

అపోహ: వీడియో గేములు తెలుగులో రాకపోవడానికి అడిగేవారు లేకపోవడమే కారణం.

వాస్తవం: డబ్బు లెక్కలు గేములు తయారుచేసేవారికే తెలియాలి, నేను చెప్పగలిగింది సాంకేతిక భాగం. ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ తెలుగు చక్కగా కనబడుతోందంటే హార్ఫ్‌బజ్ వంటి అక్షర కూర్పు సాఫ్ట్‌వేర్ లోపల పనిచేస్తోందని అర్థం. గేము తన తెరను తానే గీసుకుంటుంది కాబట్టి ఆ సౌకర్యాన్ని తయారీదారు తానే చేర్చుకోవాలి. చేర్చకపోతే ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోతుంది, క, పొల్లు, ష మూడూ ఎడమొహం పెడమొహంగా నిలబడతాయి తప్ప ‘క్ష’ కాలేవు. అందుకే కొన్ని గేముల్లో శీర్షిక తెలుగులో అందంగా ఉంటుంది, లోపల మెనూ అంతా ఇంగ్లిషులో ఉంటుంది: శీర్షికను బొమ్మగా గీసి అతికించారు. గోడో అనే ఉచిత గేమ్ ఇంజన్ 2023లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ఈ అక్షర కూర్పు సౌకర్యాన్ని తనలోనే ఇస్తోంది. మా మేనల్లుడు దానిలో గుణింతాల ఆట ఒకటి చేసి చూపించాడు. ఆట మాట ఎలా ఉన్నా వత్తులు మాత్రం ముచ్చటగా వచ్చాయి.

అపోహ: తెలుగు టైపింగుకు ఇంగ్లిషు అక్షరాలతో కొట్టడమే సులువు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ప్రభుత్వ పరీక్షలకే.

వాస్తవం: అప్పుడప్పుడు నాలుగు మాటలు రాసేవారికి ఇంగ్లిషు స్పెల్లింగు పద్ధతి నిజంగానే సులువు. రోజుకు ఇరవై పేజీలు కొట్టేవారికి కాదు, ఎందుకంటే ళ, ణ, ఢ వంటి ప్రతి అక్షరానికీ పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) లెక్కలు గుర్తుంచుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి, ఇదే అమరిక హిందీకీ కన్నడానికీ పనికొస్తుంది. కీబోర్డు అమరిక వేరు, ఫైలులో చేరే సంకేతం వేరు అనే సంగతి ఇక్కడ కూడా మరవకూడదు. ‘యాపిల్’ అనే పాతకాలపు కీబోర్డు అమరికకు అలవాటుపడిన నా తోటివారు కొందరు ఆ కారణంగా యూనికోడ్‌ను వద్దంటారు. అదే అమరికతో యూనికోడ్ కొట్టే సాధనాలున్నాయి, వేళ్ళ అలవాటు మార్చుకోనక్కరలేదు.

అపోహ: తెలుగులో ఎస్సెమ్మెస్ పంపితే కంపెనీలు అన్యాయంగా ఎక్కువ కోస్తాయి.

వాస్తవం: ఇంగ్లిషు సందేశానికి 160 అక్షరాల చోటు ఉంటే, యూనికోడ్‌లో పంపే సందేశానికి 70 సంకేతాల చోటే ఉంటుంది. అక్షరాలు కాదు, సంకేతాలు. ‘స్త్రీ’ ఒక్కటే ఆరింటిని తినేస్తుంది. డెబ్బై దాటితే రెండో సందేశం కింద లెక్క.

అపోహ: కంప్యూటర్ అకారాది క్రమం తప్పకుండా పేర్చి ఇస్తుంది.

వాస్తవం: సంకేతాల వరసను మాత్రమే చూసే సాఫ్ట్‌వేర్ అయితే ఇవ్వదు. యూనికోడ్ గదిలో ఱ అక్షరం ర పక్కన, ళ అక్షరం ల పక్కన ఉన్నాయి, మన వర్ణమాలలో అవి హ తర్వాత వస్తాయి. నిఘంటువుకో, పద్యాల సూచికకో ఇది పెద్ద చిక్కు. పేర్చిన తర్వాత ఒకసారి చేత్తో సరిచూడండి.

అపోహ: ‘సాఫ్ట్‌వేర్’ అని రాస్తే ‘సాఫ్ట్వేర్’ అని వస్తోంది, ఇది ఫాంటు లోపం.

వాస్తవం: ఫాంటు తన పని తాను సరిగ్గానే చేస్తోంది. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని వత్తుగా మార్చడమే తెలుగు ధర్మం. ఇంగ్లిషు మాటలు రాసేటప్పుడు మనకు పొల్లు పొల్లుగానే నిలబడాలి కాబట్టి, రెండింటి మధ్య పైన చెప్పిన నాన్‌జాయినర్‌ను చేర్చాలి. చాలా ఫోను కీబోర్డుల్లో దానికి మీట ఉంటుంది, తెలియనివారు ఖాళీ వదిలి ‘సాఫ్ట్ వేర్’ అని రెండు మాటలు చేస్తారు. చిక్కేమిటంటే చూపుకు దగ్గరగా ఉన్న ఈ మూడూ యంత్రానికి మూడు వేరు వేరు మాటలు. ఒక పుస్తకం కూర్పు మొదలుపెట్టేటప్పుడు రచయితతో కూర్చుని ఏ రూపం వాడాలో ముందే తేల్చుకుంటాను. ఆ తర్వాత మిగతా రెండు రూపాలనూ వెతికి మార్చే పని, ప్రూఫు చదివే ముందు రోజు రాత్రి, టీ తాగుతూ చేస్తాను.