కాలేజీ చదువు, సమయం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎన్ని గంటలు కూర్చుంటే అంత చదివినట్టు.

వాస్తవం: గంటలు లెక్కపెట్టడం తేలిక, అందుకే అందరూ వాటినే లెక్కపెడతారు. టైంటేబుల్లో "6 నుంచి 8 వరకు ఫిజిక్స్" అని రాసుకుంటే ఆ రెండు గంటలూ గడిచిపోతాయి, ఏం వచ్చిందో మాత్రం తేలదు. "మూడో యూనిట్లో 5 లెక్కలు, నోట్సు చూడకుండా" అని రాసుకోండి. అయిందో లేదో ఇట్టే తెలుస్తుంది.

అపోహ: మళ్లీ మళ్లీ చదివితే గుర్తుండిపోతుంది.

వాస్తవం: సమయం ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. రెండోసారి చదువుతుంటే ప్రతి వాక్యం తెలిసినట్టే ఉంటుంది. అలా అనిపించడం వేరు, పరీక్ష హాల్లో రాయగలగడం వేరు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో, చదివిన 5 నిమిషాలకే అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు 42 శాతమే గుర్తుంది. ఒకసారి చదివి, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం.

కాబట్టి పాఠం అయ్యాక పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద 10 నిమిషాలు రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. మర్నాడు చదవాల్సింది ఆ ఎర్ర గీతలే. వారం తర్వాత మళ్లీ కొత్త కాగితం. మొదటిసారి సగం కూడా రాకపోవచ్చు. చాలామంది అక్కడే బెదిరి, హాయిగా ఉండే పాత పద్ధతికి వెళ్లిపోతారు.

అపోహ: 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం - ఇదే సరైన కొలత.

వాస్తవం: ఇది 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పొమొడోరో పద్ధతి. ఆ 25 శాసనమేమీ కాదు. పుస్తకం తీయడానికే బద్ధకించే రోజున బాగా పనికొస్తుంది. పెద్ద డెరివేషన్ మధ్యలో టైమర్ మోగితే మాత్రం, ఎక్కడున్నామో వెతుక్కోవడానికే సమయం పోతుంది; అలాంటివాటికి 50 నిమిషాలు పెట్టుకోండి. విరామంలో ఫోన్ తీస్తే ఆ 5 నిమిషాలు ఎంతవుతాయో చెప్పక్కర్లేదు.

అపోహ: పరీక్ష ముందు నైటౌట్ కొడితే కలిసొస్తుంది.

వాస్తవం: రాదు. చదివింది జ్ఞాపకంలో కుదురుకోవడానికి నిద్ర కావాలి.

అపోహ: ప్రాజెక్టు రిపోర్టుకు వారం చాలు.

వాస్తవం: 1994 నాటి ఒక అధ్యయనంలో థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నారు, పట్టింది 55 రోజులకు పైనే. మీ అంచనాను ఒకటిన్నర రెట్లు చేసి క్యాలెండర్లో పెట్టండి. గడువుకు ముందు రోజు ఏ పనీ పెట్టుకోకండి: పేజీ నంబర్లు, బొమ్మలు, ప్రింటింగ్ అన్నీ ఆ రోజు మీదే పడతాయి.