ధనిక దేశాలు ఇంకా ఎలా పెరుగుతున్నాయి? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. ఏటా మొదటి క్లాసులో పై ప్రశ్నే అడుగుతాను. జవాబులూ ఏటా ఇంచుమించు అవే వస్తాయి.

అపోహ: అక్కడివాళ్ళు గొడ్డుచాకిరీ చేస్తారు.

వాస్తవం: జర్మనీలో సగటున ఒక మనిషి ఏడాదికి పనిచేసేది 1,350 గంటల లోపే. మెక్సికోలో 2,100 దాటుతుంది. అయినా గంట పనికి వచ్చే విలువ జర్మనీలోనే మూడింతల దాకా ఎక్కువ. ఉత్పాదకత అంటే ఈ గంట లెక్కే. సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోవడమే పని అనుకునేవాళ్ళకు మాత్రం ఎంత చెప్పినా ఎక్కదు.

అపోహ: కొత్త యంత్రాలు కొంటే చాలు.

వాస్తవం: ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో అమెరికా లెక్కలు తీశారు. 1909 - 1949 మధ్య గంటకు ఉత్పత్తి రెట్టింపైతే, అందులో యంత్రాల్లాంటి పెట్టుబడి పెరగడం వల్ల వచ్చింది ఎనిమిదో వంతే. మిగతాదంతా సాంకేతిక మార్పు ఖాతాలో వేశారు. పని పద్ధతులు, చదువు, అన్నీ ఆ ఖాతాలోనే.

కరెంటు కథ చూడండి. ఎడిసన్ న్యూయార్క్‌లో 1882లోనే విద్యుత్ కేంద్రం పెట్టారు. ఫ్యాక్టరీల వాళ్ళు ఆవిరి ఇంజను తీసేసి, దాని చోట పెద్ద మోటారు పెట్టుకున్నారు. పైన తిరిగే పొడవాటి ఇరుసు, దాన్నుంచి ఒక్కో యంత్రానికి దిగే బెల్టులు అలాగే ఉంచేశారు. లాభం అంతంతమాత్రం. ఒక్కో యంత్రానికి సొంత మోటారు వచ్చాకే వాటిని పని వరసలో పెట్టుకునే వీలు దొరికింది. అసలు ఊపు కనిపించింది 1920లలో. అంటే 40 ఏళ్ళు!

ఇది చెప్పేటప్పుడు బోర్డు మీద చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గీస్తాను. సీజన్‌లో గేటు బయట తోతాపురి లారీలు బారులు తీరి ఉంటాయి. గుజ్జు తీసే మిషన్ ఇంకోటి కొన్నారనుకోండి. కాయలు కడిగి, ఏరి, కోసే దగ్గర పని సాగకపోతే కొత్త మిషన్ ఊరికే తిరుగుతుంది, లారీ గేటు దగ్గరే ఉంటుంది.

కంప్యూటర్లదీ ఇదే కథ. ఉత్పాదకత లెక్కల్లో వాటి జాడే లేదని 1987లో సోలోనే ఎత్తిపొడిచారు. 1995 తర్వాత గానీ అమెరికాలో వేగం రాలేదు. ఏఐ అంటే టెన్షన్ పడే పిల్లలకు ఈ తేదీలు రాసుకోమంటాను.

అపోహ: పాత కంపెనీ మూతపడితే దేశం దెబ్బతిన్నట్టే.

వాస్తవం: కొత్తది వచ్చి పాతదాన్ని తోసేయడంలోనే ఎదుగుదల ఉందని సూత్రీకరించినందుకే ఆర్థికవేత్తలు అఘియోన్, హోవిట్‌లకు 2025లో నోబెల్ వచ్చింది. మరి పోయిన ఉద్యోగం సంగతేంటి సార్ అని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డెన్మార్క్‌లో తీసేయడం సులువు, కానీ తీసేసినవాళ్ళకు భృతి, కొత్త పనిలో శిక్షణ ఉంటాయి. ఆ రెండో సగం గురించి చెప్పేలోపు బెల్లు కొట్టేస్తారు.